జ్వరభూమి మీదుగా సైకిలు బాట



మోకాళ్ళలో కొద్దిపాటి నొప్పి ఉన్నవారు సైకిలు తొక్కవచ్చునా, అరవై దాటినవారికి ఎంత దూరం క్షేమం అని మీలో పలువురు అడుగుతూ ఉంటారు. వారందరికీ నేను మొదట చెప్పేది ఒకటే: ఎత్తుపల్లాలు లేని చదునైన దారి ఎంచుకోండి. మోకాలి చిప్ప మీద భారం బాగా పెరిగేది గట్టు ఎక్కేటప్పుడే. ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకు ఒక దారి గుర్తుకు వస్తుంది. అది మన దేశంలోనిది కాదు. ఫ్రాన్సు దేశపు నైరుతి మూలన, అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకొని, బోర్డో నగరానికి పడమటా దక్షిణానా పరుచుకొన్న లాండ్ ప్రాంతపు అడవిదారి అది. ఈసారి ఆరోగ్య సూత్రాలను పక్కన పెట్టి ఆ దారి కథ చెప్పదలచాను. పక్కన పెట్టినా అవి వచ్చి చేరక మానవు. ఎందుకంటే ఆ చదును నేల మీద ఒకప్పుడు రెండు రోగాలు రాజ్యమేలాయి. ఆ రెండింటి గుట్టు తెలుసుకోవడంలో మన సికింద్రాబాదుకూ, హైదరాబాదుకూ కూడా భాగం ఉంది.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా బోర్డోలో ఉన్న రోజుల్లో, ఒక సెప్టెంబరు మాసాన నేనూ నా శ్రీమతీ అక్కడ మూడు వారాలు గడిపాము. అద్దె సైకిళ్ళు తీసుకొని ఊర్తాన్ సరస్సు వైపు వెళ్ళాము. దారికి ఇరువైపులా పైన్ చెట్లు. నేల మీద గోధుమరంగు ఆకుసూదులు, వాటి కింద తెల్లని ఇసుక. ఎండకు కాగిన బంక వాసన. చెట్ల సందుల్లో ఎడమ చేతి వైపు సరస్సు మెరుస్తుంటుంది. కుడి చేతి వైపు దిబ్బల అవతల సముద్రం కనబడదు గాని, దాని హోరు మాత్రం వెంట వస్తూనే ఉంటుంది. మన బాపట్ల, చీరాల తీరాన సరుగుడు తోపుల్లో నడిచినవారికి ఈ హోరు పరిచయమే. గాలి తోపులో చేసే చప్పుడేదో, అల చేసే చప్పుడేదో విడదీయలేము.

అక్కడి సరస్సులు ఒకటి రెండు కావు. ఉత్తరాన ఊర్తాన్–కార్కాన్ సరస్సు, దాని కింద లకనో, ఆర్కషోన్ అఖాతానికి దక్షిణాన కాజో–సాంగినే, ఆపైన బిస్కరోస్, ఇంకా దిగువన లెయోన్. తీరానికి సమాంతరంగా, దండలో పూసల్లాగ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఊర్తాన్–కార్కాన్ సరస్సు పూర్తిగా ఫ్రాన్సు నేల మీదే ఉన్న సహజ సరస్సులన్నిటిలోకీ పెద్దది. నేడు వీటన్నిటినీ కలుపుతూ సైకిలు దారి ఉంది. బ్రిటనీ తీరంలోని రోస్కోఫ్ నుండి స్పెయిన్ సరిహద్దు దాకా 1,200 కిలోమీటర్లకు పైగా సాగే ‘వెలోదిసే’ అనే మహామార్గంలో ఇది అత్యంత సుందరమైన భాగమని చాలామంది అంటారు. నేను మిగిలిన భాగం చూడలేదు, కనుక పోల్చలేను.

ఈ సరస్సులు ఎలా ఏర్పడ్డాయో తెలిస్తే ఆ దేశపు పూర్వస్థితి సగం బోధపడుతుంది. ఇక్కడి తీరం రెండువందల కిలోమీటర్లకు పైగా గీత గీసినట్లు తిన్నగా ఉంటుంది. సముద్రం ఇసుకను ఒడ్డుకు చేరవేస్తుంది. పడమటి గాలి దానిని లోపలికి తోస్తుంది. అలా దిబ్బలు పుట్టి, శతాబ్దాల పాటు తూర్పుకు జరిగాయి. తూర్పు నుండి సముద్రానికి పోవలసిన వాగులకు దిబ్బలు అడ్డుపడ్డాయి. దారి లేక నిలిచిన నీరే సరస్సులయింది. సాంగినే సరస్సు అడుగున రోమనుల కాలపు గ్రామం ఒకటి మునిగి ఉంది. ఒంటి మాను తొలిచి చేసిన ప్రాచీన దోనెలు కూడా అక్కడ బయటపడ్డాయి. ఉత్తరపు కొసన ఉన్న సులాక్ పట్టణంలో ఒక పురాతన చర్చి మొత్తం ఇసుకలో కూరుకుపోగా, 19వ శతాబ్దం మధ్యలో తవ్వి వెలికి తీశారు. కదిలే ఇసుక ఊళ్ళను మింగుతుందంటే మనకు కట్టుకథగా తోస్తుంది. ఆర్కషోన్ దగ్గరి పిలా దిబ్బ నూరు మీటర్లకు మించిన ఎత్తుతో ఇప్పటికీ నిలిచి, తన వెనుక అడవిని ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా కప్పుతూనే ఉంది. దానిని చూసినవారికి అనుమానం ఉండదు.

దిబ్బల వెనుక పరిస్థితి ఇంకొక రకం. అక్కడ పది లక్షల హెక్టార్ల మేర అరచేయిలాంటి మైదానం. వాలు కిలోమీటరుకు ఒక మీటరు మాత్రమే ఉంటుందని అంచనా. పైన ఇసుక, మీటరు లోతు లోపలే ఇసుకను ఇనుపధాతువూ కుళ్ళిన ఆకుల సారమూ కలిపి అతికించిన గట్టి పొర. దానిని అక్కడివారు అలియోస్ అంటారు. చలికాలపు వాన ఆ పొర దాటి దిగదు, వాలు లేక పక్కకు పారదు. ఆరు నెలలు మడుగు, ఆరు నెలలు ఎండిన బీడు. ఈనాడు నాలాంటి వృద్ధుడు ఆయాసం లేకుండా తొక్కడానికి ఏ చదును తోడ్పడుతున్నదో, ఆనాడు అక్కడి మనుషులను జ్వరంతో కుంగదీసింది ఆ చదునే.

ఆ బీళ్ళు ఊరుమ్మడి భూములు. మన గ్రామాల్లో మేత పోరంబోకు ఉండేదే, అలాంటివన్నమాట. ఎవరి గొర్రెలనైనా అక్కడ తోలుకోవచ్చు. గొర్రె మాంసం కోసం కాదు, ఎరువు కోసం. పెంట లేనిదే ఆ ఇసుక నేలలో రై ధాన్యం పండదు. నీటి మడుగుల్లో, ముళ్ళ పొదల్లో మందను కనిపెట్టి ఉండటానికి కాపరులు మనిషెత్తుకు దగ్గరగా ఉండే కొయ్యకాళ్ళు కట్టుకొని తిరిగేవారు. చేతిలో పొడవైన కర్ర ఉండేది. దానిని వెనుకకు ఆనించి, ముక్కాలి పీట మీద కూర్చున్నట్లు నిలబడి ఉన్ని అల్లుకొనేవారు. పారిసు పత్రికలు వారి బొమ్మలు వేసి వింత మనుషులని రాశాయి. ఆ కొయ్యకాళ్ళ మీది మనిషి ఏమి తిన్నాడు, ఏ రోగంతో పోయాడు అని అడిగినవారు మాత్రం కొద్దిమందే.

ఆ కొద్దిమందిలో ఒకరు మన వృత్తివారు. ఆర్కషోన్ అఖాతపు ఒడ్డున ఉన్న లా తెస్త్ అనే ఊరిలో జాన్ ఆమో అనే వైద్యుడు ఉండేవాడు. 1779లో పుట్టి 1851లో మరణించాడు. జీవితమంతా పల్లె వైద్యమే. అక్కడి బీద రైతుల్లో ఆయన ఒక విచిత్ర వ్యాధిని గమనించాడు. వసంతం రాగానే ఎండ తగిలే చోట్ల, అంటే చేతుల వెనుక, పాదాల మీద, మెడ చుట్టూ, చర్మం ఎర్రబడి పొలుసులు లేస్తుంది. చలికాలానికి తగ్గినట్లు కనబడి మరుసటి ఏడు మళ్ళీ వస్తుంది. తరువాత విరేచనాలు, నీరసం. చివరకు మతి చలించి కొందరు నీళ్ళలో పడి చనిపోతారు. 1829లో ఆయన ఈ విషయాన్ని బోర్డోలోని వైద్య సంఘానికి నివేదించాడు. అది ఇటలీలో పెల్లాగ్రా అనే పేరుతో అప్పటికే తెలిసిన వ్యాధి అని తేలింది. అంతకు పూర్వం స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దీనినే వర్ణించాడు. మెడ చుట్టూ ఏర్పడే మచ్చల పట్టీని నేటికీ ‘కసాల్ కంఠహారం’ అనే అంటాము.

ఈ కంఠహారాన్ని నేను మొట్టమొదట చూసింది పుస్తకంలో కాదు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, జొన్నలు ప్రధాన ఆహారంగా తినే మెట్ట ప్రాంతం నుండి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ మెడ మీద చూశాను. నలభై ఏళ్ళుంటాయి. చేతులు కాలినట్లున్నాయి. మా గురువుగారు ఆయనను “ఏం తింటావయ్యా?” అని అడిగారు. “జొన్న సంకటి, మిరపకారం సారూ” అన్నాడు. “పప్పు?” అంటే నవ్వి ఊరుకొన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. నికోటినిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చిన కొద్ది రోజులకే విరేచనాలు కట్టాయి, మనిషి తేరుకొన్నాడు. ఇంత చిన్న మందుకు తగ్గే రోగం శతాబ్దాల తరబడి జనాన్ని పిచ్చివారిని చేసిందా అని ఆనాడు నాకు ఆశ్చర్యం కలిగింది.

అసలు సంగతి ఏమిటంటే, మొక్కజొన్న అమెరికా ఖండం నుండి ఐరోపాకు వచ్చింది గాని, దానిని వండే పద్ధతి వెంట రాలేదు. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు. అప్పుడే అందులో బంధింపబడి ఉన్న నియాసిన్ అనే విటమిను శరీరానికి అందుతుంది. లాండ్ రైతు మామూలు నీళ్ళలో ఉడికించి సంకటి చేసుకొన్నాడు. మాంసం లేదు, పాలు స్వల్పం. ఇక విటమిను ఎక్కడి నుండి వస్తుంది? 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు తెయోఫిల్ రుసెల్ మొక్కజొన్న మీదనే నేరం మోపాడు. దిశ సరైనదే, కారణం పూర్తిగా తెలియదు. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 తరువాత చేసిన పరిశోధనలతో ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపమే అని రుజువయింది. 1937లో కాన్రాడ్ ఎల్వేహెమ్ ఆ లోపించిన పదార్థాన్ని గుర్తించాడు.

కాని మన జొన్న కూలీ సంగతి ఈ లెక్కకు ఒదగదు. నియాసిన్ తయారీకి శరీరం వాడుకొనే ట్రిప్టోఫాన్ అనే పదార్థం జొన్నలో మొక్కజొన్నలోలాగ మరీ తక్కువ కాదు. మరి దక్కన్ పీఠభూమిలో పెల్లాగ్రా ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంటియా చేపట్టారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండి, అది నియాసిన్ తయారీకి అడ్డు తగులుతున్నదని 1960లో ప్రతిపాదించారు. తరువాత దీనిపై భిన్నాభిప్రాయాలు వచ్చిన మాట నిజమే. అయినా లా తెస్త్ పల్లె వైద్యుడు వేసిన ప్రశ్నకు, నూటముప్పై ఏళ్ళ తరువాత తార్నాక ప్రయోగశాలలో మరో మెట్టు దొరికిందని చెప్పడానికి నేను సంకోచించను. ఇది చదివి జొన్నరొట్టె మానివేయకండి! పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు తోడుగా ఉంటే జొన్నతో ఏ చిక్కూ లేదు. ఆ కూలీకి లేనిది జొన్న కాదు, దాని పక్కన ఉండవలసినవి.

రెండవ రోగం మీరు ఊహించే ఉంటారు. మలేరియా. మడుగుల దేశంలో అది ఉండక ఎక్కడికి పోతుంది? ఆ కాలంలో దోమ మీద ఎవరికీ అనుమానం లేదు. మురుగు నుండి లేచే చెడు గాలి జ్వరం తెస్తుందని నమ్మేవారు. మలేరియా అనే మాటకు అర్థమే చెడు గాలి. ఆ నమ్మకంతోనే 1857 జూన్ 19న మూడవ నెపోలియన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అందులోని మాటల క్రమం వైద్యుణ్ణి గనుక నన్ను ఆకర్షించింది. లాండ్ ప్రాంతాన్ని ఆరోగ్యవంతం చేయడం ముందు, సాగులోకి తేవడం తరువాత. ఉమ్మడి బీళ్ళు ఉన్న ప్రతి గ్రామమూ కాలువలు తవ్వి నీరు తీయాలి, చెట్లు నాటాలి. చేతకాకపోతే ప్రభుత్వమే చేసి ఖర్చు రాబట్టుకొంటుంది.

ఈ చట్టానికి వెనుక రెండు తరాల అనుభవం ఉంది. తీరపు దిబ్బల మీద పైన్ విత్తనాలు చల్లి, వాటిని కొమ్మలతో కప్పి ఇసుకను కట్టడి చేసే పనిని 1787 నుండి బ్రెమోంతియే అనే ఇంజనీరు లా తెస్త్ దగ్గర చేపట్టాడు. ఆయనకు ముందే కొందరు స్థానికులు ఈ ఉపాయం ప్రయత్నించారు. కీర్తి మాత్రం ఆయనకే దక్కింది. లోపలి మైదానంలో షాంబ్రలాన్ అనే మరో ఇంజనీరు 1849 నుండి సొంత భూమిలో కాలువలు తవ్వి, ఆ స్వల్పమైన వాలుతోనే నీరు పారుతుందని చూపించాడు. లోతు కాలువలు అక్కరలేదు, సన్నవి చాలు, కాని వేల సంఖ్యలో కావాలి. నేడు సైకిలు మీద వెళుతుంటే దారి పక్కన తిన్నగా సాగే సన్నని కందకాలు కనబడతాయి. చాలామంది వాటిని గమనించరు. ఆ అడవిని నిలబెట్టినవి, జ్వరాన్ని తగ్గించినవి అవే.

చెడు గాలి సిద్ధాంతం తప్పు. కాని దానిని నమ్మి చేసిన పని ఒప్పయింది. నీరు తీస్తే దోమ పెరిగే చోటు పోయింది. ఎందుకు పోయిందో తెలియడానికి ఇంకా 40 ఏళ్ళు పట్టింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న ఆ పాత భవనం ముందు నుండి వందలసార్లు వెళ్ళి ఉంటాము. లాండ్ కాలువల పక్కన నిలబడినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ భవనమే. అయితే కాలువలొక్కటే జ్వరాన్ని తరిమాయనడం సరికాదు. క్వినైన్ వచ్చింది, ఇళ్ళు బాగుపడ్డాయి, చేతిలో డబ్బు ఆడింది. పెల్లాగ్రా విషయంలో ఈ డబ్బే అసలు మందు. పైన్ చెట్టుకు గాటు పెట్టి బంక తీసి టర్పెంటైన్ చేసేవారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి సరుకు ఆగిపోగానే లాండ్ బంక ధర ఆకాశానికి ఎగిసింది. రైళ్ళు వచ్చాయి. గోధుమ రొట్టె, మాంసం ఇళ్ళలోకి వచ్చాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి అక్కడ పెల్లాగ్రా అరుదైపోయింది. ఎవరూ మాత్ర ఇవ్వలేదు. మాత్ర అప్పటికి పుట్టనే లేదు.

ఇంతవరకూ చదివి, ఎంత మంచి చట్టం అని మీరు అనుకొంటారు. నేనూ చాలా కాలం అలాగే అనుకొన్నాను. కాని ఊరుమ్మడి బీడు ఏమయింది? ఖర్చు భరించలేక గ్రామాలు దానిని అమ్మివేశాయి. కొన్నవారు డబ్బున్నవారు. గొర్రెకు మేత లేదు, కాపరికి పని లేదు. కొందరు కాపరులు కోపంతో లేత తోటలకు నిప్పు పెట్టారు. మిగిలినవారు కొయ్యకాళ్ళు విప్పి, ఎవరి చెట్లకో గాట్లు పెట్టే పాలికాపులయ్యారు. బంకలో వాటా కోసం 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో వారు సమ్మెలు చేయవలసి వచ్చింది. రోగం పోయింది, దానితోపాటు ఒక బ్రతుకు తీరు కూడా పోయింది. రెంటినీ ఒకే తక్కెడలో తూచడం వైద్యుడికి తేలిక, ఎందుకంటే వైద్యుడు చూసేది రోగినే. తూచబడినవాడికి అంత తేలిక కాదు.

సైకిలు ఈ కథలోకి సరిగ్గా ఆ సంధికాలంలో వచ్చింది. 1891 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ మార్చిలో ఆర్కషోన్‌కు చెందిన సిల్వాన్ దోర్నోన్ అనే రొట్టెల తయారీదారు కొయ్యకాళ్ళు కట్టుకొని పారిసు నుండి బయలుదేరి 58 రోజుల్లో మాస్కో చేరాడు. అదే సంవత్సరం మే 23న బోర్డో నుండి పారిసుకు తొలి సైకిలు పందెం జరిగింది. సుమారు 570 కిలోమీటర్ల దూరాన్ని ఇంగ్లండు వాడైన జి. పి. మిల్స్ రాత్రింబవళ్ళు తొక్కి 26 గంటల 34 నిమిషాల్లో పూర్తి చేశాడు. పని పోయిన కొయ్యకాళ్ళు వింత ప్రదర్శనగా మారిన కొద్ది వారాలకే చక్రం పందెం గెలిచింది. కొయ్యకాళ్ళ కాలం ముగిసిందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

ఆ పందెం నిర్వాహకుల్లో మారిస్ మార్తాన్ అనే బోర్డో పాత్రికేయుడు ఒకడు. సైకిలు యాత్రల గురించి ఫ్రెంచిలో తొలినాళ్ళలో రాసినవారిలో ఆయన ముఖ్యుడు. 1905లో మిమిజాన్ అనే తీరగ్రామంలో ఆయన ఈ తీరమంతటికీ ‘వెండి తీరం’ అని పేరు పెట్టాడు. అంతకుముందు ఆ తీరం పేరు చెబితే ఓడలు పగిలే చోటు, జ్వరాలు తగిలే చోటు అనే భావం. ఒక్క పేరుతో అది విహారస్థలమయింది. నేటి పటాల్లోనూ, కరపత్రాల్లోనూ ఆ పేరే.

అదే కాలంలో అదే ప్రాంతంలో ఇంకొక మనిషి సైకిలు తొక్కుతూ తిరిగాడు. ఆయన పేరు ఫెలిక్స్ ఆర్నోదాన్. 1844లో లాబుయేర్ అనే పల్లెలో పుట్టాడు. కెమెరా వెంట పెట్టుకొని, మొదట కాలినడకన, తరువాత సైకిలు మీద ఊరూరా తిరిగి కాపరుల పాటలు, సామెతలు, కథలు సేకరించాడు. వేలాది ఛాయాచిత్రాలు తీశాడు. ఇంకా చెట్లు నాటని బీడు, దాని మీద ఒంటరి కాపరి, దిగంతం దాకా ఏమీ లేని ఆకాశం. ఈ అడవి అంటే ఆయనకు ఇష్టం లేదు. అది తన దేశాన్ని కప్పివేసిందని బాధపడ్డాడు. ఊరివారు ఆయనను ‘పిచ్చివాడు’ అని పిలిచారు. 1921లో మరణించాడు. ఆయన తీసిన చిత్రాలు లేకపోతే ఆ బీడు ఎలా ఉండేదో ఈనాడు ఎవరూ ఊహించలేరు. మార్తాన్ ఆ నేలలో రాబోయేదానిని చూశాడు, ఆర్నోదాన్ పోతున్నదానిని చూశాడు. ఏ ఒక్కరి చూపుతోనో ఆ దారిని చూడడం నావల్ల కాలేదు.

ఇక దారుల సంగతి. ఇవి సైకిలు కోసం వేసినవి కావు. కొన్ని అటవీ శాఖ కాపలా బాటలు. కొన్ని రెండవ ప్రపంచ యుద్ధంలో తీరాన్ని ఆక్రమించిన జర్మన్లు తమ ఫిరంగి స్థావరాలకు సరుకు చేరవేయడానికి వేసిన సన్నని సిమెంటు బాటలు. ఆ స్థావరాలు నేడు కోతకు గురైన ఒడ్డున తలకిందులై పడి ఉన్నాయి. బోర్డో నుండి లకనో వెళ్ళే బాట ఒకప్పటి రైలు పట్టాల మీద వేసింది. ఇక పెద్ద రోడ్ల మీద, బయోన్ నుండి బోర్డోకు అడవిని చీల్చుకొని పోయే దారిలో, టూర్ ద ఫ్రాన్స్ వీరులు ఎన్నోసార్లు సాగారు. పారిసు తరువాత ఆ పందెం ఎక్కువసార్లు చేరిన నగరం బోర్డోయే.

తొక్కదలచినవారికి రెండు మాటలు. తీరం వెంట దిబ్బల మీదుగా పోయే బాట చదును కాదు, చిన్న చిన్న ఎక్కుడుదిగుడులు చాలా ఉన్నాయి. మోకాళ్ళ బాధ ఉన్నవారు లోపలి దారులు, ముఖ్యంగా పాత రైలుబాట ఎంచుకోవాలి. సీటు ఎత్తు సరి చూసుకోండి. తొక్కుడు కింది కొసకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. తిన్నని దారిలో గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటాము కనుక మెడ, మణికట్టు పట్టివేస్తాయి. అరగంటకు ఒకసారి దిగి నడవండి. నా శ్రీమతి ఈ సలహా పాటించింది, నేను పాటించలేదు. రెండు రోజులు చేయి తిమ్మిరితో తిరిగాను.

ఎండకాలంలో మాత్రం ముందుగా విచారించుకొని వెళ్ళాలి. అగ్నిభయం ఎక్కువగా ఉన్న రోజుల్లో అడవి బాటలు మూసివేస్తారు. ఒకే జాతి చెట్టు, బంక నిండిన కాండం, ఎండిన ఆకుసూదులు, పడమటి గాలి. ఇంతకంటే మంచి వంటచెరకు ఉండదు. 1949 ఆగస్టులో బోర్డోకు దక్షిణాన రేగిన మంటల్లో 82 మంది చనిపోయారు. 2022 జులైలో లా తెస్త్ దగ్గర ఒకటి, లాండిరాస్ దగ్గర ఒకటి ఒకే రోజున మొదలై, రెండూ కలిసి దాదాపు 20,000 హెక్టార్లను కాల్చివేశాయి. లా తెస్త్‌లో కాలిన అడవి తక్కిన తోటల్లాంటిది కాదు. అది 1857 చట్టానికి శతాబ్దాల ముందు నుండి ఉన్న సహజారణ్యం. భూమి ఎవరిదైనా అక్కడి నివాసులు వంటకూ ఇంటికీ కట్టె ఉచితంగా తెచ్చుకొనే హక్కు 15వ శతాబ్దపు ఒప్పందాల నాటి నుండి చెల్లుతూ వస్తోంది. ఆర్నోదాన్ ఏ ఉమ్మడితనం పోయిందని దుఃఖించాడో, దాని చివరి తునక అక్కడ మిగిలి ఉండేది. చెట్లు కాలాయి గాని హక్కు కాలలేదు. ఊరివారు ఆ హక్కును వదులుకోలేదు.

ఆ పాత బీడు ఎలా ఉండేదో చూడాలంటే సాబ్ర్ అనే చిన్న ఊరికి వెళ్ళాలి. అక్కడ సైకిలు దిగక తప్పదు. స్టేషను దగ్గర పెట్టి, పాత రైలు ఎక్కితే అడవి మధ్యన ఉన్న మార్కేజ్ అనే ప్రదర్శన గ్రామానికి తీసుకుపోతుంది. చెక్క చట్రపు ఇళ్ళు, రొట్టెల పొయ్యి, గొర్రెల దొడ్డి, రై పొలం. మేము వెళ్ళిన రోజున ఒక యువకుడు కొయ్యకాళ్ళు కట్టుకొని మంద వెంట నడుస్తున్నాడు. నా శ్రీమతి అతణ్ణి ఆపి, ఏమి తింటారని సైగలతో అడిగింది. అతడు నవ్వి, సంచిలో నుండి ఒక పెద్ద గోధుమ రొట్టె, జున్నుముక్క తీసి చూపాడు.